నాన్నకు నేర్పిన అసమీకరణాలు

మా రైల్వే ఊళ్ళో పూరీ గేట్ దగ్గరి జెరాక్స్ కొట్టులో మొన్న పింఛను కాగితాల నకళ్ళ కోసం నిలబడ్డాను. నా ముందు తొమ్మిదో తరగతి చదువుతున్నట్టున్న ఒక అమ్మాయి తన లెక్కల నోటు పుస్తకాన్ని స్నేహితురాలి కోసం నకలు తీయిస్తోంది. కొట్టతను ఒక్కొక్క పేజీ తిప్పి అద్దం మీద బోర్లించే ముందు రెండు మూడు సెకన్ల పాటు ఆ పేజీ నా కళ్ళ ఎదుట ఉండేది. ఒక పేజీలో −2x < 8 అని ఉంది. దాని కింద x < −4 అని జవాబు. జవాబు మీద ఎర్ర సిరాతో అడ్డగీత.

బీజగణితం మరిచిపోయినవారి కోసం ఒక్క మాట. సమీకరణంలో రెండు వైపులూ సమానం. అసమీకరణంలో ఒక వైపు చిన్నది, మరొక వైపు పెద్దది. రెండు వైపులా ఒకే సంఖ్యను కలిపినా, తీసేసినా, ధన సంఖ్యతో గుణించినా, భాగించినా చిన్నది చిన్నదిగానే ఉంటుంది. రుణ సంఖ్యతో గుణించినప్పుడు, భాగించినప్పుడు మాత్రం గుర్తు తిరగబడుతుంది. ఆ అమ్మాయి −2తో భాగించి గుర్తు తిప్పడం మరిచిపోయింది. సరైన జవాబు x > −4.

ఆ వయసులో నేను చేసిన తప్పు దీనికి సరిగ్గా వ్యతిరేకం. తిప్పకూడని చోట తిప్పాను. నేను తిప్పి ఊరుకోలేదు, తిప్పమని మరొకరికి నేర్పాను. ఆ మరొకరు మా నాన్న.

అప్పట్లో మేము బెంగాలీ గడ్డ మీది ఇదే ఊళ్ళో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక వరండా, వరండా దాటితే మోకాలెత్తు గోడ, గోడకు అవతల ఎర్ర మొరం దారి. పొద్దున వర్క్‌షాప్ మొదటి సైరన్‌కు అమ్మ బొగ్గు పొయ్యి మీద నుంచి అన్నం దించేది. రెండో సైరన్ మోగేసరికి నాన్న సైకిలు వీధి మలుపు దాటేది. సాయంత్రం గేటు తెరిచినప్పుడు వందల సైకిళ్ళు ఒక్కసారిగా బయటికి వచ్చేవి. వాటిలో నాన్నది ఏదో కంటితో పోల్చుకోవడం కష్టం; ఇంట్లోకి వచ్చాక మాత్రం నాన్నేనని కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. కాలిన ఆముదానికీ తడిసిన ఇనుముకూ మధ్యలో ఎక్కడో ఉండే వాసన అది. లేత్ మీద కోత పెట్టేటప్పుడు పోసే నూనె వాసన. అమ్మ ఎంత చాకలి సోడా వేసి ఉడకబెట్టినా ఆ ఖాకీ చొక్కాలను అది వదిలేది కాదు.

నాన్న వర్క్‌షాప్‌లో టర్నర్. ఇరుసులు, వాటికి తొడిగే గొట్టాల్లాంటి బుష్‌లు లేత్ మీద తిప్పి కొలతకు తెచ్చే పని. రోజుకు ఎనిమిది గంటలు నిలబడే పని కూడా. అప్పటికే ఆయన పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి, తాళ్ళు మెలిపెట్టినట్టు కనబడేవి. రాత్రి భోజనాలయ్యాక అమ్మ వేడి నూనెతో వాటిని కింది నుంచి పైకి నిమిరేది. నిలబడకుండా ఉద్యోగం చేయాలంటే ఒకటే దారి: చార్జ్‌మన్ కావడం. లేత్‌ల వరుసను చూసుకునే పై మెట్టు ఉద్యోగం. దానికి కుర్చీ ఉంటుంది, బల్ల ఉంటుంది. దానికి డిపార్ట్‌మెంటు పరీక్ష రాయాలి. నాన్న రెండుసార్లు రాశాడు. కొలతలు, డ్రాయింగు, లోహాల సంగతులు అన్నిటిలోనూ నెగ్గి, రెండుసార్లూ బీజగణితం దగ్గర ఆగిపోయాడు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇది మూడోసారి, ఇదే ఆఖరుసారి.

మా పక్క క్వార్టర్లో ఉండే మావ కూడా అదే పరీక్ష రాస్తున్నాడు. అదే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. నాన్నా ఆయనా బావా బావా అని పిలుచుకునేవారు, ఎక్కడ కలిసిన చుట్టరికమో నానమ్మకు మాత్రమే పూర్తిగా తెలుసు.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం నాన్న నా పుస్తకం తిరగేస్తూ అన్నాడు.

"నువ్వు బడిలో ఏటి సదువుతన్నావో అదే నాకూ సెప్పమ్మా. రోజుకో పాఠం. నాను నీ ఎనకాలే వస్తాను."

మర్నాటి నుంచి సాయంత్రం ఆరు కాగానే వరండాలో ఎర్ర గచ్చు మీద ఇద్దరు విద్యార్థులు బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. వర్క్‌షాప్ నుంచి తెచ్చిన ఇనుము మీద గీతలు గీసే సబ్బురాయి ముక్కతో నేను గచ్చు మీద రాసేదాన్ని. మావ వస్తూ పొట్లంలో ఆలూచాప్, అంటే బంగాళాదుంప బజ్జీలు, తెచ్చేవాడు. "ఫీజు కట్టేసినాను మేస్టరమ్మా, ఇంక కొట్టకూడదు," అనేవాడు.

మొదటి రోజు గుర్తు పరిచయం చేశాను. ఒక వైపు మొన, మరొక వైపు తెరిచిన నోరు. నోరు ఎప్పుడూ పెద్ద సంఖ్య వైపే తెరుచుకుంటుందని చెప్పాను. గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న నానమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఓలమ్మ, దానికీ పెద్దోలే కావాల?"

తరువాత x + 3 < 7 అని రాశాను. "x కి మూడు కలిపితే ఏడు కంటే తక్కువవ్వాల. x ఎంత మావా?"

"మూడు," అన్నాడు మావ, క్షణం ఆలోచించకుండా.

"రెండు కూడా అవుతాది గదా."

"అయితే రెండు."

"ఒకటి కూడా. సున్నా కూడా. మూడున్నర కూడా."

మావ నాన్న వైపు తిరిగాడు. "ఏటి బావా ఇది? లెక్కంటే జవాబు ఒకటుండాల గదా. ఇన్నుంటే ఏది రాయాల?"

నాన్న ఆ వరసను చూస్తూనే ఉన్నాడు. ఆయన ముఖంలో ఏదో తెలిసిన మనిషిని కొత్త ఊళ్ళో చూసినట్టుగా ఒక వెలుగు వచ్చింది.

"డ్రాయింగులో ఇరుసుకి కొలత ఒకటే ఇస్తాడేటి బావా? ఇంత నుంచి ఇంత వరకు అంటాడు. ఆ మధ్యన ఎంతొచ్చినా పాసే గదా. ఇదీ అంతే. x అంటే ఒక ముక్క కాదు. పాసైన ముక్కలన్నీను." తరువాత నాతో, "మరి సరిగ్గా నాలుగు? పాసా, ఫెయిలా?"

"ఫెయిలే నాన్నా. నాలుగుకి మూడు కలిపితే ఏడు. ఏడు ఏడు కంటే తక్కువ కాదు గదా. గుర్తు కింద గీతుంటే మాత్రం పాసు."

నేలంతా పరిచేలా సంఖ్యారేఖ గీసి, నాలుగు దగ్గర ఖాళీ సున్నా చుట్టి, ఎడమ వైపుకు బాణం వేశాను. అంచు కూడా చేరితే సున్నాను నింపాలని చెప్పాను. మర్నాడు పొద్దున్న అమ్మ తుడిచేవరకూ నానమ్మ ఆ గీత మీద కాలు పడకుండా గోడ వారగా నడిచింది. "సదువు గదా," అంది.

ఇంతవరకూ నేను నేర్పిన దాంట్లో తప్పేమీ లేదు. తప్పు సాలువా దారిలో మొదలైంది.

ఊరి బయట సాలువా సిపాయిల క్యాంపు దాటాక ఒక పల్లెలో వేడి ఇసకలో ముడి వేయించే బెంగాలీ ఆవిడ ఉండేది. ముడి అంటే మన మరమరాలే, కాని మా ఊళ్ళో దాన్ని ఎవరూ ముడి తప్ప ఇంకోలా అనరు. నెలకొకసారి నానమ్మ అక్కడికి వెళ్ళి సంచీ నింపి తెచ్చేది. ఒక పొద్దున్న నేను బడి సంచీ తగిలించుకుంటుంటే నా చెవిలో గొణిగింది.

"ఒక్క రోజు బడికి ఎల్లకపోతే ఏటవుతాదే? మీ అమ్మకి సెప్పకు. సాయంత్రం బేగి వచ్చేద్దాం."

బస్సు దిగి సాల చెట్ల మధ్య నడిచాం. క్యాంపులోంచి బూర వినబడింది. మట్టి పెనంలో నల్లటి ఇసక, ఇసకలో గుప్పెడు బియ్యం, ఈనెల కట్టతో రెండు తిప్పులు తిప్పగానే బియ్యం తెల్లగా ఉబ్బి పైకి లేచేది. వేడి ఇసక, కొత్త ముడి, పచ్చి ఆవనూనె కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఏ కొట్టులోనూ దొరకదు. నానమ్మ తనకొచ్చిన బెంగాలీ అంతా ప్రయోగించింది. "దీదీ, గరమ్ దావ్. టండా నయ్. అడుగుది వద్దు, పైది, పైది!" ఆవిడ నవ్వుతూ సాలాకులో ముడి పోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి కలిపి నాకిచ్చింది. ముక్కు కారుతూ తిన్నాను. ఆ పూట మా తరగతిలో మాస్టారు రుణ సంఖ్యతో గుణించడం, భాగించడం చెప్పారు.

మర్నాడు స్నేహితురాలి నోటులోంచి ఆ పాఠం ఎక్కించుకున్నాను. ఆమె పాఠాన్ని ఒకే వాక్యానికి కుదించింది: మైనస్ ఉంటే గుర్తు తిప్పాలి. కింద ఒక్క ఉదాహరణ: −x < 5, కాబట్టి x > −5. ఉదాహరణలో తప్పు లేదు. వాక్యంలో లేనిది, ఏ మైనస్, ఎక్కడి మైనస్ అన్నది. నా పుస్తకం పై తరగతి అమ్మాయి వాడి ఇచ్చినది. చివరి ఆకులు, అంటే జవాబులున్న ఆకులు, నా చేతికి రాకముందే ఊడిపోయాయి. సరిచూసుకునే దారి లేదు. ఉన్నా చూసేదాన్నని చెప్పలేను. ఆ వాక్యం చిన్నది, గుర్తుంచుకోవడానికి హాయిగా ఉంది.

ఆ సాయంత్రం వరండాలో ప్రకటించాను. "మైనస్ కనబడిందా, నోరు తిప్పెయ్యాల."

మావకు ఎంత నచ్చిందో చెప్పలేను. "ఇదీ పాఠమంటే! కనబడిందా, తిప్పు. అయిపోనాది."

నాన్న మాత్రం అడిగాడు. "ఎందుకు తిప్పాల?"

"రూలు నాన్నా."

"మీ మేస్టరు సెప్పినాడా?"

తల ఊపాను. ఆ తల ఊపడమూ అబద్ధమే; మాస్టారు చెప్పినప్పుడు నేను ముడి తింటున్నాను. నాన్న ఇంకేమీ అడగలేదు. పక్క లేత్ మీద తయారైన ముక్కనైనా గేజు పెట్టి కొలత సరిచూడకుండా ముట్టుకోని మనిషి, బడి నుంచి వచ్చిన మాటకు గేజు పెట్టలేదు.

దాదాపు మూడు వారాలు అలా సాధన సాగింది. −2x < 8 లాంటి లెక్కలు సరిగ్గానే వచ్చేవి, ఎందుకంటే అక్కడ భాగించే సంఖ్యే రుణం. 3x < −6 లాంటివి మాత్రం అన్నీ తప్పు వచ్చేవి. కుడి వైపు మైనస్ కనబడగానే ముగ్గురం కలిసికట్టుగా గుర్తు తిప్పి, x > −2 అని రాసి, ఆలూచాప్ తినేవాళ్ళం. ఒకరోజు సైకిలు స్టాండు దగ్గర నాన్న తోటివాళ్ళతో అంటుంటే విన్నాను: "ఈసారి మా గుంట సెప్తంది నాకు. గైడు గట్రా ఏటీ కొనలేదు." ఇంటిదాకా గంతులేస్తూ వచ్చాను.

పరీక్ష ఆదివారం. దానికి ముందు గురువారం నాడు మాస్టారు మా తరగతి పరీక్ష కాగితాలు తిరిగి ఇచ్చారు. అయిదు అసమీకరణాలలో నావి రెండు తప్పు.

"మైనస్ కుడి వైపు ఊరికే నిలబడి ఉంది కదమ్మా," అన్నారు మాస్టారు. "నువ్వు భాగించింది మూడుతో. మూడు ధన సంఖ్య. ఎందుకు తిప్పావు?"

బడి నుంచి ఇల్లు పదిహేను నిమిషాల నడక. ఆ పదిహేను నిమిషాల్లో నాకు అంతా అర్థమైంది: పాఠమూ, నేను చేసిన పనీ. ఇంటికి వెళ్ళగానే ఆ కాగితాన్ని నానమ్మ ఇనప్పెట్టె కిందికి తోసేశాను.

ఎందుకు చెప్పలేదంటే కారణాలు చెప్పగలను. మేస్టరమ్మ అన్న పిలుపు పోతుందని ఒకటి. పరీక్షలో అలాంటి లెక్క రాకపోవచ్చునన్న ఆశ ఒకటి. కారణాల కంటే చేసిన పని ఎక్కువ చెబుతుంది. గురువారం సాయంత్రం, శుక్రవారం సాయంత్రం వరండాలో యథాప్రకారం పాఠం చెప్పాను. ఎంచి ఎంచి, కుడి వైపు మైనస్ రాని లెక్కలే ఇచ్చాను. ఇద్దరూ అన్నీ సరిగ్గా చేశారు. మావ తొడ చరుచుకున్నాడు.

శనివారం వర్క్‌షాప్ ఒంటిపూట. మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడి, ఎర్ర దుమ్ము లేచి, ఆ వెంటనే వాన కొట్టింది. మా వైపు బైశాఖంలో వచ్చే గాలివాన అది. నాన్న తడిసి వచ్చాడు. బట్టలు మార్చుకుని పీట మీద కూర్చుని కాళ్ళు చాపాడు. అమ్మ ఎండు నెత్తళ్ళ వేపుడు వడ్డిస్తూ, "కాళ్ళు మరీ వాసిపోనాయి గదండీ," అంది.

"ఇంకెన్నాళ్ళే," అన్నాడు నాన్న. "ఈసారి భయం లేదు నాకు. కుర్సీలో కూకుంటే అవే తగ్గుతాయి."

నేను లేచి వెళ్ళి పెట్టె కింద నుంచి కాగితం లాగాను. దుమ్ము దులిపి ఆయన ముందు పెట్టాను.

"నాన్నా, నాను సెప్పిన రూలు తప్పు."

అమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. నాన్న చెయ్యి కడుక్కుని, తువాలుతో తుడుచుకుని, కాగితం అందుకున్నాడు. బొటనవేలు కింది మూల ఆనించి చూశాడు.

"సబ్బురాయి తే," అన్నాడు.

గచ్చు మీద 3x < −6 అని రాశాడు. పక్కన మా జవాబు x > −2 అని రాశాడు.

"మన జవాబు ప్రకారం సున్నా పాసే గదా. సున్నా ఎట్టి సూడు."

"మూడు సున్నాలు సున్నా. సున్నా మైనస్ ఆరు కంటే తక్కువ... కాదు."

"మన జవాబు ప్రకారం మైనస్ అయిదు ఫెయిలు. ఎట్టు."

"మైనస్ పదిహేను. అది మైనస్ ఆరు కంటే తక్కువే."

"అంటే ఎల్లకూడనిది ఎల్లిపోనాది, ఎల్లాల్సింది ఆగిపోనాది. గేజుకి రెండు పక్కలా ఫెయిలే." వర్క్‌షాప్ గేజుకు ఒక కొస ముక్కలో దూరాలి, రెండో కొస దూరకూడదు. కోపంగా అనలేదు. ముక్కను చూసి చెప్పినట్టు చెప్పాడు. "తిప్పకపోతే x < −2. మైనస్ అయిదు పాసు, సున్నా ఫెయిలు. ఇది సరిపోనాది. ఇప్పుడు సెప్పు, ఎప్పుడు తిప్పాల?"

"గుణించేది గానీ, భాగించేది గానీ మైనస్ అయితేనే."

"ఎందుకు?"

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. నాన్న సబ్బురాయి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తరువాత గచ్చు మీద ఒకే పరిమాణంలో రెండు పెద్ద వృత్తాలు గీశాడు. మొదటి దాని లోపల చిన్న వృత్తం, రెండో దాని లోపల అంతకంటే పెద్దది. లోపలి వృత్తం బోరు, అంటే కన్నం; దాని చుట్టూ మిగిలింది గోడ.

"రెండూ బుష్‌లే. బయటి కొలత ఒకటే. ఈ బోరు మూడు, ఈ బోరు అయిదు. ఏ బోరు పెద్దది?"

"అయిదు."

"ఏ బుష్‌కి గోడ దళసరి?"

"మూడు దానికి."

"తిరగబడిపోనాదా లేదా? బోరు కొలిసినోడికి అయిదు పెద్ద. గోడ కొలిసినోడికి అదే సిన్న. బోరు పెరిగితే గోడ తగ్గుతాది. మైనస్‌తో గుణించడమంటే, బోరు కొలిసేవోడు గోడ కొలవడం మొదలెట్టినాడన్నమాట. మూడుతో భాగిస్తే ఏటి? అదే బోరుని మూడో వంతు సైజుకి గీసినావు. బోరు బోరే, గోడ గోడే. ఏటీ తిరగబడదు." తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "ఇరవై ఏళ్ళుగా సేస్తన్నాను ఈ పని. ఇరుసు పెద్దదయితే మళ్ళీ కోయొచ్చు, సిన్నదయితే తుక్కు. బోరుకి దానికి ఎదురు. ఇదే మైనస్ అని ఎవడూ సెప్పలేదు."

నేను ఆ తరువాత చాలా ఏళ్ళు చదివాను. గుర్తు ఎందుకు తిరగబడుతుందో అంతకంటే స్పష్టంగా చెప్పినవారిని చూడలేదు.

వాన తగ్గాక మావ వచ్చాడు. సంగతి వినగానే గుమ్మంలోనే కూలబడ్డాడు.

"రేపు పరీచ్చ! ఇప్పుడు రూలు మారిపోనాదంటే ఎలగ బావా? ఏటే కోడలా, ముంచేసినావు గదే!"

నానమ్మ లోపలి నుంచి అంది. "అది సిన్న గుంట. గెడ్డాలొచ్చినోలు మీరేటి సేస్తన్నారు ఇన్నాళ్ళూ?"

చీకటి పడేవరకూ ముగ్గురం మళ్ళీ మొదటి నుంచి లెక్కలు చేశాం. మావకు బోరూ గోడా అక్కర్లేకపోయింది. "నాకు రూలు సెప్పు సాలు. కారణం తరవాత తీరిగ్గా తెలుసుకుంటాను," అన్నాడు. కొత్త రూలును వేళ్ళ మీద లెక్కపెట్టి వల్లె వేశాడు, దాని ప్రకారం చకచకా చేసుకుపోయాడు. నాన్న మాత్రం ప్రతి జవాబుకూ లోపలి సంఖ్య ఒకటి, బయటి సంఖ్య ఒకటి తీసుకుని మొదటి వరసలో పెట్టి చూశాడు. పాసయ్యేది పాసయిందా, ఫెయిలయ్యేది ఫెయిలయిందా అని.

"ప్రతి దానికీ గేజు ఎట్టుకుని కూకుంటే టయిమైపోతాది బావా," అన్నాడు మావ. "ఇప్పుడు రూలు సరైనదే గదా. మేస్టరే రాసినాడు గదా కాయితం మీద."

"మొన్నా సరైనదే అనుకున్నాం గదా," అన్నాడు నాన్న.

ఆయన నా వైపు చూడలేదు. నన్ను ఉద్దేశించి అనలేదు కూడా. అయినా ఆ మాట తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

ఆదివారం ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వెళ్ళారు. ప్రశ్నపత్రం హిందీలో, ఇంగ్లీషులో ఉంది. x మాత్రం ఎవరికైనా xనే. పది లెక్కలు. మధ్యాహ్నం తిరిగి వచ్చాక మావ, "పదీ సేసేసినాను," అన్నాడు. నాన్న చెప్పులు విప్పుతూ, "ఎనిమిది సేసినాను. రెండు ముట్టలేదు. గంట కొట్టేసినాడు," అన్నాడు.

నెల తిరిగాక ఫలితాల కాగితం గేటు దగ్గర బోర్డు మీద అంటించారు. ఖాళీలు కొద్ది కాబట్టి మార్కుల వరసలో పై పేర్లే తీసుకున్నారు. ఆ సాయంత్రం గోడ మీద కూర్చుని దారి చూస్తున్నాను. సైకిళ్ళ వరద అంతా వెళ్ళిపోయాక ఇద్దరు మనుషులు సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చారు. మావ సైకిలు హ్యాండిల్‌కు రసగుల్లాల కుండ వేలాడుతోంది. దాన్ని చూసి గోడ దిగి పరుగెత్తాను. తరువాత ఆయన ముఖం చూశాను.

మావ ఆ కుండ నా చేతిలో పెట్టి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "నాను అక్కడ కుర్సీలో కూకుని, నువ్వు లేత్ కాడ నిలబడితే... ఎలగ బావా?"

"ఎలగేటి? నువ్వు సెప్పింది నాను తిప్పుతాను," అన్నాడు నాన్న. "కొలత తప్పు సెప్పినావంటే మాత్రం ఊరుకోను. సార్జిమన్ అయినా సరే." మావ నవ్వలేకపోయాడు. నాన్నే నవ్వి, కుండ మూత తీసి, మొదటి రసగుల్లా మావ నోట్లో పెట్టాడు.

మావ వెళ్ళాక అడిగాను. "నాను ముందే సరిగ్గా సెప్పుంటే పదీ అయ్యేవి గదా నాన్నా?"

"రాసిన ఎనిమిదీ రైటే," అన్నాడు. "నీ తప్పేటీ లేదు. కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందాం."

నాన్న రిటైరయ్యే వరకూ లేత్ ముందే నిలబడ్డాడు. ఆ సాయంత్రం నుంచి నూనె గిన్నె అమ్మ చేతిలోంచి నేను తీసుకున్నాను. ఎవరూ చెప్పలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. పిక్కల మీద ఏ నరం ఎక్కడ మెలి తిరిగి ఉందో నా వేళ్ళకు పాఠంలా వచ్చేసింది. ఏటేటా అవి ఇంకాస్త ఉబ్బేవి. చదువు కోసం ఊరు విడిచి వెళ్ళేవరకూ ఆ పని నాదే.

పై చదువులో మొదటి వారం డ్రాయింగు గదిలో మా అధ్యాపకుడు ఒక పెద్ద కాగితం బల్ల మీద పరిచి, దీన్ని ఎక్కడి నుంచి చదువుతారని అడిగారు. బొమ్మ నుంచి అన్నాం. కాదన్నారు. ఏ డ్రాయింగు చేతికి వచ్చినా పని తెలిసినవాడు మొదట చూసేది కుడి చేతి కింది మూల. సంఖ్య, సంతకం, తేదీ అక్కడ ఉంటాయి. అవి చూశాకే బొమ్మ.

నేను పెన్సిలు బల్ల మీద పెట్టేశాను. ఆ శనివారం నాన్న నా పరీక్ష కాగితాన్ని అందుకున్నప్పుడు ఆయన బొటనవేలు ఎక్కడ ఆగిందో అప్పుడు కనబడింది. మాస్టారు కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు కుడి చేతి కింది మూల ఎర్ర సిరాతో సంతకం చేసి, తేదీ వేసేవారు. అది గురువారం తేదీ. ఇరవై ఏళ్ళు డ్రాయింగులు చదివిన ఆ కళ్ళు, మొదటి లెక్క చూడకముందే, నేను రెండు రోజులు దాచానని చదివేశాయి. ఆ రెండు సాయంత్రాలు ఆయనకు దక్కి ఉంటే చెయ్యి తిరిగేది, గేజు పెట్టడం త్వరగా అయ్యేది. ఇంత తెలిసీ ఆయన సబ్బురాయి తెమ్మన్నాడు.

ఆ సెలవులకు ఇంటికి వెళ్ళిన సాయంత్రమే నూనె వెచ్చబెట్టి తెచ్చి ఆయన పీట పక్కన కూర్చున్నాను.

"నాన్నా, ఆ కాగితం గురువారమే ఇచ్చినారు. రెండు రోజులు దాసినాను."

"తెలుసు," అన్నాడు నాన్న. వీధి వైపు చూస్తున్నాడు. "మూడో రోజు దాయలేదు గదా."

ఆ పైన పంచె మోకాలి దాకా మడిచి, ఎక్కువ నొప్పిగా ఉండే ఎడమ కాలు నా వైపు చాపాడు.